చిన్న కమతంలో సేంద్రియ కాఫీ: తోట పద్దు, కళ్ళం పద్దు

విశాఖ మన్యంలోని కాఫీ రైతును "మీ తోటకు ఏమి ఎరువు వేస్తున్నారు?" అని అడిగితే తరచుగా వినవచ్చే సమాధానం "ఏటీ ఎయ్యం సారూ" అన్నది. ఈ మాట విన్నప్పుడు మన క్షేత్ర నమోదు పత్రాల్లో "సేంద్రియ పద్ధతి" అన్న గడిలో గుర్తు పెట్టి ముందుకు సాగడం మనకు అలవాటు. ఈ వ్యాస రచయిత కూడా అనేక సంవత్సరాలు అలాగే గుర్తు పెట్టినవాడే. రసాయన ఎరువు, పురుగుమందు వాడని తోట సేంద్రియ తోటే కదా అన్నది మన తర్కం. ఆ తర్కంలో ఉన్న లోపాన్ని పరిశీలించడం, ఎకరా రెండెకరాల కాఫీ తోటలో సేంద్రియ సాగును, పండ్ల శుద్ధిని విడదీయరాని ఒకే వ్యవస్థగా ఎలా చూడాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం

ఆంధ్రదేశపు మన్యంలో కాఫీ 19వ శతాబ్ది చివరలో తూర్పు గోదావరి ప్రాంతపు పాములేరు లోయలో అడుగుపెట్టింది. తరువాతి కాలంలో అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలకు వ్యాపించింది. మొదట అటవీ శాఖ తోటలుగా, ఆ తరువాత పోడు వ్యవసాయానికి ప్రత్యామ్నాయంగా గిరిజన కుటుంబాల సొంత కమతాల్లో విస్తరించింది. కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రం 1976 నుంచి గూడెం కొత్తవీధి మండలం ఆర్.వి.నగర్‌లో పనిచేస్తున్నది. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో కాఫీ సుమారు లక్ష హెక్టార్లలో నాటబడి ఉన్నది. ఇందులో కాపుకు రాని తోటలు కూడా కలిసి ఉన్నాయి. 2019లో "అరకు వ్యాలీ అరబికా" భౌగోళిక గుర్తింపు పొందింది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతోనే ఒక కాఫీ దుకాణం తెరుచుకున్నది. సముద్ర మట్టానికి 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తు, చల్లని రాత్రులు, చెట్ల నీడ ఈ కాఫీకి మంచి రుచిని ఇస్తున్నాయి.

అయితే రుచికి వచ్చిన పేరు దిగుబడికి రాలేదు. రాష్ట్రపు మొత్తం శుద్ధ కాఫీ ఉత్పత్తి ఇటీవలి సంవత్సరాల్లో సుమారు పన్నెండు వేల టన్నుల స్థాయిలోనే ఉన్నది. చాలా చిన్న తోటల్లో ఎకరాకు 100 కిలోల శుద్ధ కాఫీ రావడం కూడా కష్టంగా ఉన్నది. సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియాల ఆదాయమే అనేక కుటుంబాలకు కాఫీని నిలబెడుతున్నది. సేంద్రియ గుర్తింపు వలన కిలోకు అదనపు ధర రావచ్చును. అమ్మడానికి కిలోలే లేనప్పుడు ఆ అదనపు ధర కుటుంబానికి ఎంత మేలు చేయగలదు? ఇదే అసలు ప్రశ్న.

ఎనభై తట్టల లెక్క

కొన్నేళ్ళ క్రితం పాడేరు వైపు ఒక గ్రామంలో రైతుల సమావేశంలో ఎకరాకు రెండు టన్నుల పశువుల ఎరువు వేయవలసిందిగా నేను సిఫార్సు చేశాను. పుస్తకం ప్రకారం అందులో తప్పేమీ లేదు. సమావేశం ముగిసిన తరువాత రెండెకరాల తోట గల ఒక మహిళా రైతు నా దగ్గరకు వచ్చి, తట్టకు పాతిక కిలోలు పడతాయి కదా అని నాతోనే ఒప్పించి, లెక్క తానే చెప్పింది. ఎకరాకు ఎనభై తట్టలు, రెండెకరాలకు నూట అరవై. ఇంట్లో ఉన్నవి రెండు ఆవులు. తోట ఉన్నది కొండ వాలులో. "ఇన్ని తట్టలు కొండెక్కించేదెవరు సారూ? మా పళ్ళు కిందకి మోస్తాం గానీ, కింద నుంచి పైకి ఏటీ రాదు" అన్నది.

ఆమె మాటలోని రెండవ భాగం నన్ను ఆలోచింపజేసింది. పండ్లు కిందికి పోతాయి, పైకి ఏమీ రాదు. ఇది పోషక పదార్థాల రాకపోకలపై ఒక వ్యవసాయ శాస్త్రవేత్త చేయవలసిన పరిశీలన. మన సిఫార్సులో మాత్రం దానికి చోటు లేదు. తోటకు ఏమి వేయాలో మనం చెప్పాము. తోట నుంచి ఏమి పోతున్నదో, అది ఎక్కడ ఆగుతున్నదో అడగలేదు.

ఒక ఎకరం పద్దు

ఒక ఎకరం తోట 600 కిలోల పక్వమైన పండ్లు ఇచ్చిందనుకొందాము. తడి పద్ధతిలో శుద్ధి చేస్తే సుమారు 120 కిలోల ఎండిన పార్చ్‌మెంట్ కాఫీ, అనగా పెంకుతో కూడిన గింజ వస్తుంది. పెంకు తీసిన తరువాత మిగిలే శుద్ధ కాఫీ దాదాపు 100 కిలోలు.

ఒక టన్ను శుద్ధ అరబికా కాఫీకి సరిపడే పంట నేల నుంచి స్థూలంగా 35 కిలోల నత్రజని, 7 కిలోల భాస్వరం, 45 కిలోల పొటాష్ తీసుకుంటుందని లెక్క. ఆ ప్రకారం మన ఎకరం నుంచి ఏటా బయటికి పోయేది సుమారు మూడున్నర కిలోల నత్రజని, ముప్పాతిక కిలో లోపు భాస్వరం, నాలుగున్నర కిలోల పొటాష్ మాత్రమే. ఈ అంకెలు చిన్నవి. ఇక్కడ విద్యార్థులు జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. తక్కువ దిగుబడి ఇచ్చే తోట నుంచి పోయే పోషకాలూ తక్కువే. అందువలననే ఏమీ వేయని తోట కూడా ఏళ్ళ తరబడి చావకుండా, ఎదగకుండా అదే స్థితిలో నిలిచి ఉంటుంది. ఆ నిలకడను మనం సేంద్రియ సమతుల్యతగా పొరబడుతున్నాము.

దిగుబడిని మూడు రెట్లు చేయదలచుకుంటే బయటికి పోయే పోషకాలు కూడా మూడు రెట్లవుతాయి. పంటతో పాటు కొత్త కొమ్మలకు, ఆకులకు, వేళ్ళకు కావలసినది వేరే. అరబికా కాఫీలో ఈ సంవత్సరం పెరిగిన కొమ్మపైనే వచ్చే సంవత్సరం పంట వస్తుంది. ఒక ఏడాది కాపు ఎక్కువై, పోషణ చాలకపోతే మొక్క తన కొమ్మలను తానే ఎండబెట్టుకొంటుంది. మరుసటి ఏడాది కాపు పడిపోతుంది. దీనికి తోడు వాలు నేలలో తొలకరి వానకు కొట్టుకుపోయే పైమట్టి నష్టం పంటతో పోయే పోషకాలను మించిపోగలదు. కాబట్టి పద్దులో ఖర్చు వైపు పంట, మట్టి కోత, మొక్క పెరుగుదల అనే మూడు అంశాలుండాలి. జమ వైపు ఏమున్నదో ఇప్పుడు చూద్దాము.

నత్రజనిని కొండపైనే పండించుకోవాలి

తట్టల లెక్క చెప్పిన పాఠం ఒకటే. వాలు తోటకు బరువైన ఎరువును మోయడం సాధ్యం కాని కుటుంబానికి నత్రజని అక్కడే తయారు కావాలి. మన్యం తోటల్లో ప్రధానమైన నీడ చెట్టు సిల్వర్ ఓక్. అది నిటారుగా పెరుగుతుంది, మిరియాల తీగకు చక్కని ఆధారం, కలపకు ధర పలుకుతుంది. కాని అది పప్పుజాతి చెట్టు కాదు. నత్రజనిని స్థిరీకరించదు. దాని ఆకు త్వరగా కుళ్ళదు. సిల్వర్ ఓక్ ఒక్కటే ఉన్న తోట నీడలో ఉన్నట్లు కనిపించినా పోషణలో పేదదే.

సిల్వర్ ఓక్‌ను తీసివేయమని ఎవరూ చెప్పరాదు. మిరియాల ఆదాయం పోతుంది. దాని మధ్య మధ్య బాడిత వంటి పప్పుజాతి చెట్లను, గట్ల వెంట గ్లైరిసిడియాను పెంచి, వానాకాలంలో కొమ్మలు నరికి కాఫీ మొక్కల మొదళ్ళ చుట్టూ పరచాలి. ఉన్న పనస, నేరేడు, మామిడి చెట్లను కాపాడుకోవాలి. రెండు వరుసల మధ్య వాలుకు అడ్డంగా, ఒకదాని కింద ఒకటి రాకుండా అంచెలుగా చిన్న గోతులు తవ్వితే రాలిన ఆకు, కొట్టుకు వచ్చిన మట్టి అందులో నిలిచి అక్కడే ఎరువవుతాయి. రాలిన ఆకును ఊడ్చి కాల్చే అలవాటు ఉన్న చోట దానిని మాన్పించడం విస్తరణ సిబ్బంది మొదటి పని కావాలి. వీటిలో ఏ పనికీ కొండ కింద నుంచి తట్ట మోయనక్కరలేదు.

నేల ఆమ్లత్వం మరొక అంశం. భూసార పరీక్ష ఆధారంగా రెండు మూడేళ్ళకొకసారి వ్యవసాయ సున్నం లేదా డోలమైట్ వేయడం సేంద్రియ ప్రమాణాలకు లోబడినదే. ఆమ్ల నేలల్లో ముడి రాక్ ఫాస్ఫేట్ నెమ్మదిగా కరిగి భాస్వరాన్ని అందిస్తుంది. ఈ రెండింటినీ ఒకేసారి కలిపి వేయరాదు. సున్నం ఆమ్లత్వాన్ని తగ్గిస్తే ఫాస్ఫేటు కరగడం మందగిస్తుంది.

పొటాష్ కళ్ళం దగ్గర ఆగిపోతున్నది

నత్రజనిని గాలి నుంచి తెచ్చుకోవచ్చును. పొటాష్‌కు ఆ మార్గం లేదు. కాఫీ పండులోని పొటాష్‌లో గణనీయమైన భాగం గింజలో కాక తొక్కలోను, జిగురులోను ఉంటుంది. పండు బరువులో దాదాపు 40 శాతం తొక్కే. మన ఎకరం ఇచ్చిన 600 కిలోల పండ్లలో సుమారు 240 కిలోలు తొక్క. రైతు పండ్లనే అమ్మినప్పుడు ఈ తొక్క అంతా పల్పింగ్ కేంద్రం వెనుక కుప్పగా పడుతుంది. వానకు తడిసి అందులోని పొటాష్ నీటితో కొట్టుకుపోతుంది. కుళ్ళి దుర్వాసన, ఈగలు మిగులుతాయి. శుద్ధి చేసిన నీరు గెడ్డలో కలిస్తే అందులోని చక్కెరలు కుళ్ళుతూ నీటిలోని ఆమ్లజనిని హరిస్తాయి. ఒక చోట తోటకు కొరత, మరొక చోట గెడ్డకు కాలుష్యం. రెండింటికీ మూలం ఒకే పదార్థం.

ఇంటి దగ్గరే చేతి పల్పర్‌తో శుద్ధి చేసుకుంటే తొక్క తోట దగ్గరే మిగులుతుంది. 600 కిలోల బదులు 120 కిలోల ఎండు గింజను రోడ్డుకు మోస్తే సరిపోతుంది. మరి అందరికీ చేతి పల్పర్ ఇస్తే సమస్య తీరినట్లేనా? నాణ్యతా అనుభవం అలా చెప్పడం లేదు. ఇంటింటా వేర్వేరుగా పులియబెట్టి ఆరబెట్టిన గింజను ఒక చోట కలిపితే రుచి ఒకేలా ఉండదు. కొన్ని బస్తాల పులుపు మొత్తం సరకు ధరను తగ్గిస్తుంది. ఒకే చోట, ఒకే పర్యవేక్షణలో జరిగే శుద్ధి వలననే మన్యం కాఫీకి రుచిలో పేరు వచ్చింది. కాబట్టి నాణ్యత కేంద్రీకరణను కోరుతున్నది, నేల వికేంద్రీకరణను కోరుతున్నది. ఈ వైరుధ్యాన్ని గుర్తించకుండా చేసే సిఫార్సు ఏదైనా సగమే అవుతుంది.

శుద్ధిలో చేయి చెప్పే మాట

గ్రామ స్థాయిలో శుద్ధి చేసుకొనే రైతులకు, నలుగురైదుగురు కలిసి నడిపే చిన్న కేంద్రాలకు కొన్ని మౌలిక సూత్రాలు తప్పనిసరి.

మొదటిది, పండు. నొక్కగానే గింజ జారిపోయే ఎర్రని పండునే కోయాలి. మన్యంలో కోత నవంబరు నుంచి జనవరి వరకు సాగుతుంది. ఒకే మొక్కకు మూడు నాలుగు సార్లు తిరగవలసి ఉంటుంది. కూలి మిగులుతుందని ఒకేసారి కొమ్మ దూసినప్పుడు పచ్చికాయలు కలుస్తాయి. వాటి తొక్క సరిగా వదలదు. గింజ తెగుతుంది. రుచి వగరుగా మారుతుంది. కోసిన పండ్లను నీటిలో పోసి తేలినవాటిని వేరు చేయాలి. అదే రోజు పల్పింగ్ పూర్తి కావాలి. రాత్రంతా బస్తాలో ఉన్న పండు వేడెక్కి పులుస్తుంది.

రెండవది, పులియబెట్టడం. గింజకు అంటిన జిగురు సూక్ష్మజీవుల చర్య వలన విడిపోతుంది. అరబికాకు 24 నుంచి 36 గంటలని పుస్తకాల్లో ఉన్నది. కోత కాలంలో లంబసింగి, మినుములూరు పరిసరాల్లో రాత్రి ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. అటువంటి చలిలో 36 గంటలకు కూడా జిగురు వదలకపోవచ్చును. అదే తొట్టి లోతట్టు గ్రామంలో ఒక రోజుకే సిద్ధం కావచ్చును. అందువలన గడియారాన్ని కాక చేతిని నమ్మాలి. గుప్పెడు గింజలు కడిగి రుద్దినప్పుడు జారుడు పోయి గులకరాళ్ళ వలె గరగరలాడితే పులియడం పూర్తయినట్లు. కర్ర గుచ్చి తీసినప్పుడు ఏర్పడిన రంధ్రం పూడకుండా నిలిచినా అదే గుర్తు. ఆ క్షణం దాటితే పుల్లని వాసన గింజలోకి దిగుతుంది. తరువాత ఎంత కడిగినా అది పోదు.

మూడవది, ఆరబెట్టడం. నేలపై పరచిన గింజకు మట్టి వాసన పడుతుంది. సిమెంటు కళ్ళం, లేదా వెదురు తడికపై వల పరచిన ఎత్తైన బల్ల ఉండాలి. మొదట పలుచగా పరచి తరచుగా కలియబెట్టాలి. నడి మధ్యాహ్నపు ఎండలో కదలకుండా వదిలితే పెంకు పగులుతుంది. సాయంత్రం మంచు దిగక ముందే పోగుచేసి కప్పాలి. తేమ 10 శాతానికి చేరే వరకు ఈ పని సాగాలి. సరిగా ఆరక ముందే బస్తాకెక్కిన గింజలో బూజు పెరిగి, ఆక్రాటాక్సిన్ అనే విషపదార్థం చేరే ప్రమాదమున్నది.

నాలుగవది, నిలువ. కాఫీ గింజ వాసనలను పీల్చుకుంటుంది. మన్యం ఇళ్ళలో పసుపు, మిరియాలు, కాఫీ ఒకే గదిలో, పొయ్యికి దగ్గరగా ఉండడం సాధారణం. పసుపు వాసన, పొగ వాసన పట్టిన కాఫీని రుచి చూసేవారు వెంటనే కనిపెడతారు. ఎరువుల సంచిలో పోసిన సేంద్రియ కాఫీ రుచితో పాటు ధ్రువీకరణను కూడా కోల్పోతుంది. కొత్త గోనె సంచి, కింద చెక్క బల్ల, వేరే మూల చాలు.

పురుగులు, తెగుళ్ళు: నీడే మొదటి మందు

తెల్ల కాండం తొలుచు పురుగు అరబికాకు ప్రధాన శత్రువు. తల్లి పురుగు ఎండ తగిలే కాండం బెరడు పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. ఏప్రిల్–మే నెలల్లోను, మళ్ళీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పురుగులు బయటికి ఎగురుతాయి. నీడ పలచబడిన తోటల్లోనే దీని ఉధృతి ఎక్కువ. ఆ ఎగిరే కాలానికి ముందే కాండంపై గట్లు తేలిన మొక్కలను గుర్తించి వేళ్ళతో సహా పీకి కాల్చివేయాలి. మిగిలిన మొక్కల వదులు బెరడును కొబ్బరి పీచుతో రుద్ది తీయాలి. కాండానికి పది శాతం సున్నపు నీరు పూయాలి. ఇందులో ఏ పనీ ఖర్చుతో కూడినది కాదు. కాని తోటంతా ఒకే సమయంలో, పక్క తోటలతో కలిసి చేస్తేనే ఫలితం ఉంటుంది.

ఆకు తుప్పు తెగులుకు వానల ముందు, వానల తరువాత అర శాతం బోర్డో మిశ్రమం చల్లడం దీర్ఘకాల సిఫార్సు. రాగి నేలలో పేరుకుపోయే లోహం కనుక సేంద్రియ సాగులో దానిని పరిమితంగా, ధ్రువీకరణ సంస్థ అనుమతితో మాత్రమే వాడాలి. చంద్రగిరి వంటి తట్టుకొనే రకాలను కొత్త నాట్లలో ఎంచుకోవడం దీర్ఘకాలిక మార్గం.

కాయ తొలుచు పురుగు విషయం ఈ వ్యాసాంశంతో నేరుగా ముడిపడి ఉన్నది. మన దేశంలో 1990లో నీలగిరులలో మొదట కనిపించిన ఈ పురుగు 2025లో అరకు ప్రాంతంలో కూడా కనిపించింది. ఇది కాయ బొడ్డు దగ్గర రంధ్రం చేసి గింజలోనే సంతతిని పెంచుతుంది. చెట్టుపై మిగిలిన కాయ, నేలపై రాలిన కాయ దానికి మరుసటి పంట వరకు ఆశ్రయం. కోత ముగియగానే చెట్టుపైన, నేలపైన ఒక్క కాయ కూడా మిగలకుండా ఏరివేయడం, పురుగు పట్టిన కాయలను మరిగే నీటిలో ముంచడం, బవేరియా శిలీంధ్రాన్ని వాడడం సేంద్రియ తోటకు అందుబాటులో ఉన్న మార్గాలు. పండ్లు ఒక గ్రామం నుంచి మరొక గ్రామపు కేంద్రానికి, సంచులు అక్కడి నుంచి మళ్ళీ తోటకు ప్రయాణించినప్పుడు పురుగు కూడా ప్రయాణిస్తుంది. కాబట్టి తొక్కను తిరిగి తోటకు పంపాలన్న మన సూచనకు ఒక కచ్చితమైన షరతు ఉన్నది.

తొక్క తిరిగి వచ్చే దారి

పచ్చి తొక్కను ఎన్నడూ తోటకు తేరాదు. కేంద్రం దగ్గరే కంపోస్టుగా మారిన తరువాతే అది బయలుదేరాలి. తొక్కను పేడతోను, ఎండు ఆకుతోను పొరలుగా పేర్చి, మనిషి నడుము ఎత్తు కుప్ప వేయాలి. కుప్ప లోపల చేయి పెట్టలేనంత వేడి పుట్టాలి. పురుగును, కలుపు గింజలను చంపేది ఆ వేడే. కొన్ని వారాలకొకసారి అంచులలోని పదార్థం లోపలికి వచ్చేటట్లు తిరగవేయాలి. పొటాష్ నీటిలో కరిగేది కనుక కుప్పపై కప్పు తప్పనిసరి. కారిన ద్రవాన్ని పట్టి మళ్ళీ కుప్పపైనే చల్లాలి. మూడు నాలుగు నెలల్లో, అనగా మే నాటికి, వానల ముందు వేయడానికి కంపోస్టు సిద్ధమవుతుంది. గింజ కడిగిన నీటిని సున్నంతో తటస్థపరచి ఇంకుడు గుంటలోకి మళ్ళించాలి గాని గెడ్డలోకి వదలరాదు.

ఇప్పుడు తట్టల లెక్క మళ్ళీ వేద్దాము. 240 కిలోల తొక్క కుళ్ళి సగానికి పైగా తగ్గుతుంది. ఎకరానికి వచ్చేది నాలుగైదు తట్టలు. ఎనభై తట్టలు మోయలేని కుటుంబం అయిదు తట్టలు మోయగలదు. పొయ్యి బూడిద పొటాష్, సున్నం రెండూ కలిగినది. దానిని కూడా తోటకే చేర్చవచ్చును. పండ్లు తీసుకుపోవడానికి గ్రామానికి ఖాళీగా వచ్చే వాహనం, శుభ్రపరచిన సంచుల్లో ఆ గ్రామపు వాటా కంపోస్టును తెచ్చి రోడ్డు చివర దించగలదు. అందుకు కేంద్రం దగ్గర ఉండవలసింది ఒక చిన్న పుస్తకం. ఏ రైతు ఎన్ని కిలోల పండ్లు ఇచ్చాడో ఇప్పటికే రాస్తున్నారు. ఆ అంకె పక్కనే, ఆ పండ్లకు తగిన కంపోస్టు వాటా ఎంత, ఎంత తిరిగి వెళ్ళింది అనే రెండు గడులు చేర్చితే చాలు.

ఈ అయిదు తట్టలతోనే తోట పోషణ మొత్తం తీరిపోతుందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. పొటాష్‌లో కొంత భాగమే తిరిగి వస్తుంది. నత్రజనికి పప్పుజాతి నీడ, మట్టికి అడ్డు గోతులు, ఆమ్లత్వానికి సున్నం కలిసినప్పుడే పద్దు సరిపోతుంది. అయినా ఈ అయిదు తట్టలకు ఒక విలువ ఉన్నది. పైకి ఏదీ రాని తోటకు మొదటిసారిగా ఏదో ఒకటి తిరిగి వస్తున్నది.

ధ్రువీకరణ పత్రంలో ఏమి రాయాలి

జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ప్రకారం కాఫీ వంటి బహువార్షిక పంటకు మార్పిడి కాలం మూడేళ్ళు. చిన్న రైతులు బృందంగా ఏర్పడి అంతర్గత నియంత్రణ వ్యవస్థ ద్వారా ధ్రువీకరణ పొందవచ్చును. స్థానిక విపణికి పీజీఎస్ పద్ధతి కూడా ఉన్నది. ఈ పత్రాలను నింపడంలో సహాయపడే మన విస్తరణ సిబ్బంది సాధారణంగా "రసాయనాలు వాడలేదు" అన్న వాక్యంతో సంతృప్తి పడుతున్నారు. ప్రమాణాల స్ఫూర్తి అంతటితో ఆగదు. నేల సారాన్ని నిలపడం, పెంచడం సేంద్రియ సాగు మూల సూత్రం. ఒక తోటలో నిషేధించినది వాడకపోవడం ఎంత అవసరమో, నేలకు ఇవ్వవలసినది ఇవ్వడమూ అంతే అవసరం. ఆ రెండవ భాగం లేని పత్రం సాంకేతికంగా నిలబడవచ్చును గాని రైతును నిలబెట్టదు.

కనుక ప్రతి తోటకు ఒక పుట పద్దు సూచిస్తున్నాను. ఎడమ వైపు పోయినవి: ఇచ్చిన పండ్ల కిలోలు, వానకు కోతపడిన చోట్లు, పీకిన మొక్కలు. కుడి వైపు వచ్చినవి: నరికి పరచిన పప్పుజాతి కొమ్మలు, నిండిన గోతులు, తిరిగి వచ్చిన కంపోస్టు తట్టలు, బూడిద, సున్నం. చదువురాని రైతుకు తట్టల బొమ్మలు గీసి గుర్తులు పెట్టించవచ్చును. ఈ పుట ధ్రువీకరణ తనిఖీకి పనికివస్తుంది. అంతకు మించి, తోట ఎందుకు ఎదగడం లేదో రైతుకే చూపిస్తుంది.

విద్యార్థులకు ఇందులో పరిశోధనాంశాలు అనేకం ఉన్నాయి. మన్యపు చలిలో వివిధ ఎత్తుల వద్ద పులియడానికి పట్టే కాలం, తొక్క కంపోస్టు కుప్ప చేరే ఉష్ణోగ్రతకు కాయ తొలుచు పురుగు మరణానికి గల సంబంధం, సిల్వర్ ఓక్ తోటలో పప్పుజాతి నీడ పాలు పెంచినప్పుడు మిరియాల దిగుబడిపై ప్రభావం, గ్రామ పల్పింగ్, కేంద్ర పల్పింగ్ మధ్య నాణ్యత, పోషకాల లెక్కలను కలిపి తూచడం. వీటికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఒక కోత కాలమంతా గ్రామంలో ఉండగల ఓపిక అవసరం.

క్షేత్రానికి వెళ్ళినప్పుడు నేను వాడే నమోదు పత్రం ఇప్పుడు మారింది. "ఏమి వేస్తున్నారు?" అన్న ప్రశ్న అందులో రెండవ వరుసకు జరిగింది. మొదటి వరుసలో "ఏమి పోయింది? ఎంత తిరిగి వచ్చింది?" అన్న ప్రశ్న ఉన్నది. నూట అరవై తట్టల లెక్క చెప్పిన ఆ రైతు తోటలో మొదటిసారి ఆ ప్రశ్న అడిగినప్పుడు రెండవ గడిలో సున్నా వేయవలసి వచ్చింది. సేంద్రియమని అంతకు ముందు నేను గుర్తు పెట్టిన అనేక తోటలకు కూడా ఆ గడిలో సున్నాయే రాయవలసి ఉన్నది. ఆ సున్నాను చూసిన తరువాతే మన సిఫార్సు మొదలు కావాలి.